పోత ఇనుము

పోత ఇనుము అనేది ఇనుము, కర్బనము, సిలికాన్ ప్రధానముగా గల మిశ్రమలోహము. దీనిలో కర్బనము సుమారు 2 నుండి 4 శాతము వరకు, సిలికాన్ 1 నుండి 3 శాతము వరకు ఉంటాయి. కరిగించి, అచ్చులలో పోసి కావలసిన ఆకారమునకు తెస్తారు కనుక దీనికి ఈ పేరు వచ్చింది. వాడుకలో దీనిని బీడు అని, బీడు ఇనుము అని కూడా అంటారు. దోసెల పెనము, తూకపు రాయి, కుట్టుమిషను, రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత, మోటారు వాహనపు ఇంజను దిమ్మ మొదలైనవి పోత ఇనుముతో తయారయ్యే వస్తువులలో కొన్ని.

పోత ఇనుము ఉక్కు కంటే తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులో మూలమూలలకూ పారుతుంది, చవకగా లభిస్తుంది. పైనుండి పడే భారమును చక్కగా మోస్తుంది. కానీ లాగినా, వంచినా, గట్టి దెబ్బ తగిలినా ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతుంది. ఈ మంచి గుణములకు, ఈ లోపమునకు కూడా మూలకారణము దీనిలోని కర్బనమే. ఆ కర్బనము లోహములో ఏ రూపములో నిలిచి ఉన్నది అనే దానిని బట్టి పోత ఇనుము స్వభావము మారుతుంది.

ఇనుము, ఉక్కు, పోత ఇనుముల మధ్య భేదము

శుద్ధమైన ఇనుము మెత్తని లోహము. ఇది 1538 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. దీనిలో కర్బనము చేరిన కొలదీ గుణములు మారుతూ వస్తాయి. కర్బనము అతి స్వల్పముగా ఉన్నదానిని చేత ఇనుము అంటారు. దీనిని ఎర్రగా కాల్చి సుత్తితో సాగగొట్టవచ్చు. కర్బనము సుమారు 2 శాతమునకు లోపుగా ఉంటే అది ఉక్కు. అంతకు మించితే పోత ఇనుము.

కర్బనము పెరిగినప్పుడు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. కర్బనము 4.3 శాతము ఉన్న మిశ్రమము సుమారు 1150 డిగ్రీల వద్దనే పూర్తిగా ద్రవమవుతుంది. శుద్ధమైన ఇనుముతో పోలిస్తే ఇది దాదాపు 390 డిగ్రీలు తక్కువ. ఉక్కును కరిగించలేని చిన్న కొలిమిలో కూడా పోత ఇనుమును కరిగించగలగడానికి కారణము ఇదే.

ఢిల్లీలో కుతుబ్ మీనారు వద్ద ఉన్న ప్రాచీన ఇనుప స్తంభమును పోత పోసినదిగా కొందరు భావిస్తారు. అది సరి కాదు. గుప్తుల కాలమునకు చెందిన ఆ స్తంభమును చేత ఇనుప ముద్దలను కాల్చి, ఒకదానితో ఒకటి అతికి, సాగగొట్టి తయారు చేశారు. ప్రాచీన భారతదేశపు కొలుములలో ఇనుము ద్రవముగా కాక ముద్దగానే లభించేది. తెలంగాణలోని కోనసముద్రము వంటి చోట్ల మూసలలో తయారైన ప్రసిద్ధమైన ఉక్కులో కూడా కర్బనము సుమారు ఒకటిన్నర శాతమే. కనుక అది కూడా పోత ఇనుము కాదు.

చరిత్ర

పోత ఇనుమును మొదట విరివిగా వాడినవారు చైనీయులు. క్రీస్తు పూర్వము 5వ శతాబ్దము నాటికే అక్కడ పోత ఇనుప వస్తువులు తయారయ్యేవి. నాగలి కర్రులు, వంట పాత్రలు, ఆయుధములు, విగ్రహములు పోత పోసేవారు. క్రీ.శ. 953లో పోత పోసిన కాంగ్‌జౌ ఇనుప సింహము నేటికీ ఉంది. ఐరోపాలో పోత ఇనుము మధ్యయుగముల చివరి భాగములో మాత్రమే వాడుకలోకి వచ్చింది. అక్కడ దీనిని మొదట ఫిరంగులకు, ఫిరంగి గుండ్లకు ఎక్కువగా ఉపయోగించారు.

ఇంగ్లండులో అబ్రహాం డార్బీ అనే ఆయన 1707లో ఇసుక అచ్చులలో ఇనుప వంట పాత్రలను పోత పోసే విధానమునకు పేటెంటు పొందాడు. 1709లో కోల్‌బ్రూక్‌డేల్ అనే చోట కట్టెబొగ్గుకు బదులుగా కోకు బొగ్గుతో ఇనుప ఖనిజమును కరిగించడము ప్రారంభించాడు. అంతవరకు ఇనుము తయారీ అడవుల మీద ఆధారపడి ఉండేది. కోకు వాడకముతో ఆ కట్టడి తొలగి, ఇనుము ధర తగ్గడానికి మార్గము ఏర్పడింది. 1770 దశకములో జాన్ విల్కిన్సన్ పోత ఇనుప సిలిండర్లను కచ్చితమైన కొలతలకు తొలిచే యంత్రమును రూపొందించడముతో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రము ఆచరణలో సఫలమయింది.

అదే కోల్‌బ్రూక్‌డేల్ సమీపములో సెవెర్న్ నది మీద డార్బీ మనుమడైన మూడవ అబ్రహాం డార్బీ ప్రపంచములో మొదటి పెద్ద పోత ఇనుప వంతెనను నిర్మించాడు. 1779లో నిలబెట్టిన ఈ వంతెన 1781లో రాకపోకలకు తెరవబడింది. దీని విస్తీర్ణము సుమారు 30 మీటర్లు. ఈ ప్రాంతమును యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించింది.

భారతదేశములో ఆధునిక పద్ధతిలో ఇనుమును కరిగించే తొలి ప్రయత్నములలో ఒకటి 1830 దశకములో తమిళనాడులోని పరంగిపేట వద్ద జరిగింది. ఆ కర్మాగారమును జోసయా మార్షల్ హీత్ నెలకొల్పాడు.

తయారీ

ఇనుప ఖనిజము, కోకు, సున్నపురాయి కలిపి బ్లాస్ట్ కొలిమిలో వేసి అడుగు నుండి వేడి గాలిని బలముగా ఊదుతారు. కోకు మండి వేడిని ఇవ్వడమే కాక, ఖనిజములోని ఆక్సిజనును తొలగించే వాయువును కూడా సమకూరుస్తుంది. సున్నపురాయి మలినములతో కలిసి లోహమలముగా మారి పైకి తేలుతుంది. అడుగున చేరిన ద్రవ ఇనుము కోకు నుండి కర్బనమును గ్రహించి ఉంటుంది. దీనిని దిమ్మలుగా పోస్తే దుక్క ఇనుము అంటారు. విశాఖపట్నము ఉక్కు కర్మాగారములోని మూడు బ్లాస్ట్ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇటువంటి కర్మాగారములలో ద్రవ ఇనుములో అధిక భాగము నుండి కర్బనమును తొలగించి ఉక్కుగా మారుస్తారు. కొంత భాగమును దుక్క ఇనుముగా పోసి పోత కర్మాగారములకు అమ్ముతారు.

పోత కర్మాగారములో దుక్క ఇనుమును, పాత పోత ఇనుప ముక్కలను, కొంత ఉక్కు తుక్కును కలిపి కుపోలా కొలిమిలోగాని విద్యుత్ కొలిమిలోగాని కరిగిస్తారు. తయారు చేయవలసిన వస్తువుకు ముందుగా చెక్కతోగాని లోహముతోగాని ఒక నమూనా చేస్తారు. బంకమట్టి, నీరు కలిపిన ఇసుకను ఆ నమూనా చుట్టూ దట్టించి, తరువాత నమూనాను బయటకు తీస్తే దాని ఆకారములో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇనుమును పోస్తారు. చల్లారిన పిమ్మట ఇసుకను పగులగొట్టి వస్తువును బయటకు తీస్తారు.

లోహములు గట్టిపడేటప్పుడు కుంచించుకు పోతాయి. అందువలన నమూనాను అసలు కొలత కంటే కొంచెము పెద్దదిగా చేయవలసి ఉంటుంది. ఉక్కుకు ఈ హెచ్చింపు సుమారు 2 శాతము కాగా, బూడిదరంగు పోత ఇనుముకు సుమారు 1 శాతము చాలు. ఇనుము గట్టిపడుతున్నప్పుడు దానిలో నుండి గ్రాఫైట్ వేరుపడి వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచము ఇనుము కుంచించుకు పోవడమును కొంతవరకు పూడుస్తుంది. సన్నని నగిషీలు కూడా పోత ఇనుములో స్పష్టముగా రావడానికి ఇది ఒక కారణము.

రకములు

కరిగిన ఇనుములో కర్బనము పూర్తిగా కలిసిపోయి ఉంటుంది. చల్లారేటప్పుడు దానిలో కొంత భాగము మాత్రమే ఇనుములో ఇమడగలదు. మిగిలిన కర్బనము గ్రాఫైటుగా విడిపోవాలి, లేదా ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే కఠినమైన సమ్మేళనముగా ఏర్పడాలి. నెమ్మదిగా చల్లారడము, సిలికాన్ ఎక్కువగా ఉండడము గ్రాఫైట్ ఏర్పడటానికి తోడ్పడతాయి. వేగముగా చల్లారితే సిమెంటైట్ ఏర్పడుతుంది. దీనిని అనుసరించి పోత ఇనుమును నాలుగు ముఖ్య రకములుగా విభజిస్తారు.

* బూడిదరంగు పోత ఇనుము: దీనిలో గ్రాఫైట్ పలుచని రేకుల రూపములో ఉంటుంది. విరిచి చూస్తే విరిగిన చోటు బూడిదరంగులో కనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే.
* తెల్ల పోత ఇనుము: దీనిలో కర్బనము సిమెంటైట్ రూపములో ఉంటుంది. విరిగిన చోటు తెల్లగా మెరుస్తుంది. ఇది చాలా కఠినము, అరుగుదలను బాగా తట్టుకుంటుంది. కానీ మిక్కిలి పెళుసు. ఖనిజములను పొడి చేసే యంత్ర భాగములకు ఉపయోగిస్తారు.
* మెత్తబరచిన పోత ఇనుము: తెల్ల పోత ఇనుమును చాలా గంటల పాటు కొలిమిలో కాచి తయారు చేస్తారు. దీని విధానమును ఫ్రాన్సులో రోమ్యూర్ 1722లో వివరించాడు. అమెరికాలో సెత్ బోయ్‌డెన్ 1826లో మరొక విధానమును కనుగొన్నాడు. నీటి గొట్టములను కలిపే బిగింపులు మొదలైనవి దీనితో చేస్తారు.
* డక్టైల్ ఇనుము: దీనిలో గ్రాఫైట్ గుండ్రని గుళికల రూపములో ఉంటుంది. కరిగిన ఇనుములో స్వల్పముగా మెగ్నీషియము కలపడము వలన ఈ మార్పు వస్తుంది. అమెరికాకు చెందిన కీత్ మిల్లిస్ 1943లో దీనిని కనుగొన్నాడు. 1949లో దీనికి పేటెంటు లభించింది.

ఒకే వస్తువులో రెండు రకములు కూడా ఉండవచ్చు. అచ్చులో ఒక భాగమున లోహపు పలకను అమర్చితే ఆ వైపు వేగముగా చల్లారి తెల్ల పోత ఇనుముగా మారుతుంది, లోపలి భాగము బూడిదరంగు పోత ఇనుముగా ఉంటుంది. లోహపు రేకులను వత్తే కొన్ని రోలర్లను ఈ విధముగా పోత పోస్తారు. వాటి పైభాగము అరగదు, లోపలి భాగము సులభముగా పగలదు.

ధర్మములు

బలము

బూడిదరంగు పోత ఇనుమును సూక్ష్మదర్శినిలో చూస్తే ఇనుము మధ్య నల్లని గ్రాఫైట్ రేకులు వంకరటింకరగా వ్యాపించి కనిపిస్తాయి. గ్రాఫైటుకు స్వతహాగా బలము లేదు. కనుక ప్రతి రేకూ లోహములో ముందే ఉన్న ఒక చిన్న పగులు వలె పనిచేస్తుంది. లోహమును రెండు వైపుల నుండి లాగినప్పుడు ఈ పగుళ్లు తెరుచుకుంటాయి. ఒక రేకు కొన నుండి మరొక రేకు వరకు చీలిక పాకి వస్తువు తటాలున విరుగుతుంది. అదే లోహమును రెండు వైపుల నుండి నొక్కినప్పుడు రేకులు మూసుకుంటాయి, భారము ఇనుము మీదుగా ప్రసరిస్తుంది. అందువలన బూడిదరంగు పోత ఇనుము నొక్కుడును తట్టుకునే బలము, లాగుడును తట్టుకునే బలమునకు సుమారు మూడు నాలుగు రెట్లు ఉంటుంది.

భారతీయ ప్రమాణములలో ఈ ఇనుమునకు ఎఫ్‌జి 150, ఎఫ్‌జి 200, ఎఫ్‌జి 260 వంటి పేర్లు ఉన్నాయి. ఈ అంకెలు లాగుడును తట్టుకునే కనీస బలమును మెగాపాస్కల్ ప్రమాణములో తెలుపుతాయి. డక్టైల్ ఇనుము పేరులో రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 400/18 అంటే బలము 400 మెగాపాస్కల్, విరిగేలోపు పొడవులో 18 శాతము సాగుతుంది అని అర్థము. బూడిదరంగు ఇనుము పేరులో రెండవ అంకె లేకపోవడానికి కారణము అది చెప్పుకోదగినంతగా సాగకపోవడమే.

కంపనములు, అరుగుదల

గ్రాఫైట్ రేకుల వలన మేలు కూడా ఉంది. ఇవి కంపనముల శక్తిని పీల్చుకొని వేడిగా మారుస్తాయి. ఉక్కు కడ్డీని కొడితే గంట వలె మోగుతుంది, బూడిదరంగు పోత ఇనుమును కొడితే మొద్దు శబ్దము వచ్చి వెంటనే ఆగిపోతుంది. లేత్ యంత్రపు పీఠములను, ఇతర యంత్రముల అడుగు భాగములను దీనితో చేయడానికి కారణము ఇదే. గ్రాఫైట్ కందెనగా కూడా పనిచేస్తుంది. ఇంజను సిలిండరులో పిస్టన్ రింగు నిరంతరము రాసుకుంటున్నా త్వరగా అరగకపోవడానికి ఇది తోడ్పడుతుంది. లేత్ మీద చెక్కినప్పుడు బూడిదరంగు పోత ఇనుము పొడవైన చుట్టలుగా కాక పొడి ముక్కలుగా రాలుతుంది. అందువలన చెక్కడము సులభము.

వేడి

పోత ఇనుప పెనము వేడిని అంతటా సమానముగా పంచుతుందని సాధారణముగా అనుకుంటారు. వాస్తవమునకు పోత ఇనుము మంచి ఉష్ణవాహకము కాదు. దీని ఉష్ణవాహకత శుద్ధమైన అల్యూమినియము ఉష్ణవాహకతలో దాదాపు నాలుగవ వంతు లేదా ఐదవ వంతు మాత్రమే. చిన్న మంట మీద పెట్టిన పెద్ద పెనము నడుమ బాగా కాలి, అంచుల వద్ద చల్లగా ఉండటానికి కారణము ఇదే. దీని ప్రత్యేకత వేడిని నిలువ ఉంచుకోవడములో ఉంది. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.2 గ్రాములు, అల్యూమినియము సాంద్రత 2.7 గ్రాములు. సమానమైన బరువునకు అల్యూమినియమే ఎక్కువ వేడిని పట్టుకుంటుంది. కానీ సమానమైన మందము గల పెనములను పోలిస్తే పోత ఇనుప పెనము సుమారు మూడింట ఒక వంతు ఎక్కువ వేడిని నిలుపుకుంటుంది. పైగా పోత పెనములు సాధారణముగా మందముగా ఉంటాయి. చల్లని దోసె పిండి పోసినప్పుడు పలుచని పెనము ఒక్కసారిగా చల్లబడుతుంది, మందమైన పోత పెనము వేడి పెద్దగా తగ్గదు. అందువలన దోసె అంటుకోకుండా ఎర్రగా కాలుతుంది.

తుప్పు

పోత ఇనుము తేమలో తుప్పు పడుతుంది. కానీ మందముగా ఉండే గొట్టములు చాలా కాలము మన్నుతాయి. ఫ్రాన్సులోని వెర్సయిల్స్ రాజభవనపు ఫౌంటెనులకు 17వ శతాబ్దములో వేసిన పోత ఇనుప గొట్టములు 300 సంవత్సరములకు పైగా పనిచేశాయి. అయితే ఉప్పు, ఆమ్ల గుణము గల నేలలలో ఒక వింత మార్పు జరుగుతుంది. ఇనుము క్రమముగా కరిగిపోయి, గ్రాఫైట్, తుప్పు మాత్రము పాత ఆకారములోనే మిగులుతాయి. చూడటానికి గొట్టము చెక్కుచెదరనట్లు ఉంటుంది, కానీ దానిని చాకుతో గీకవచ్చు. పాత నీటి గొట్టములు భారీ వాహనముల ఒత్తిడికి అకస్మాత్తుగా పగలడానికి ఇది ఒక కారణము.

వంతెనలు నేర్పిన పాఠము

పోత ఇనుమును ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు అనే విషయము 19వ శతాబ్దములో కొన్ని ఘోర ప్రమాదముల తరువాత గాని ఇంజనీర్లకు పూర్తిగా బోధపడలేదు.

సెవెర్న్ నది మీది 1779 నాటి వంతెన కమాను ఆకారములో ఉంది. కమానులో భారము ప్రతి భాగమును నొక్కుతుందే గాని లాగదు. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది కనుక ఆ వంతెన నేటికీ నిలిచి ఉంది. రైలు మార్గముల కాలములో తక్కువ ఖర్చుతో త్వరగా నిర్మించడానికి కమానులకు బదులు తిన్నని పోత ఇనుప దూలములను వాడసాగారు. దూలము మీద భారము పడినప్పుడు దాని పై భాగము నొక్కబడుతుంది, అడుగు భాగము లాగబడుతుంది. పోత ఇనుము బలహీనత ఉన్నది సరిగ్గా అక్కడే.

ఇంగ్లండులోని చెస్టర్ వద్ద డీ నది మీద రాబర్ట్ స్టీఫెన్‌సన్ రూపొందించిన రైలు వంతెన దూలము 1847 మే 24న రైలు దాటుతుండగా విరిగింది. ఐదుగురు మరణించారు. దూలములకు బలముగా చేత ఇనుప కడ్డీలను అమర్చినా ప్రయోజనము లేకపోయింది. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే నది మీది వంతెన తుఫాను గాలికి కూలి, దాని మీద వెళ్తున్న రైలు నదిలో పడిపోయింది. రైలులోని వారందరూ మరణించారు. ఆ వంతెన స్తంభములు పోత ఇనుపవి. గాలి ఒత్తిడిని తట్టుకోవడానికి అమర్చిన అడ్డ కడ్డీలను స్తంభములకు పోత పోసిన చెవుల వంటి భాగములకు బిగించారు. కడ్డీలు లాగినప్పుడు ఆ చెవులు విరిగిపోయాయి. 1891లో లండను సమీపమున నార్వుడ్ జంక్షన్ వద్ద మరొక పోత ఇనుప దూలము విరిగిన తరువాత బ్రిటిషు రైల్వేలు అటువంటి వంతెనలను పెద్ద ఎత్తున మార్చివేశాయి. వాటి స్థానమును చేత ఇనుము, ఉక్కు ఆక్రమించాయి.

ఉక్కు దూలము మీద భారము మించితే అది ముందు వంగుతుంది. ఆ వంపును చూసి మనుషులు తప్పించుకునే అవకాశము ఉంటుంది. బూడిదరంగు పోత ఇనుము అటువంటి అవకాశము ఇవ్వదు. నేడు దీనిని నొక్కుడు ఉన్న చోట్ల విరివిగా వాడతారు, లాగుడు ప్రధానముగా ఉన్న చోట్ల వాడరు.

నిత్యజీవితములో ఉపయోగములు

వంట పాత్రలు

పెనములు, మూకుడులు, గుంత పొంగణాల పెనములు పోత ఇనుముతో చేస్తారు. బజారులో ఇనుప పాత్రల పేరుతో అమ్మే పలుచని బాండీలలో చాలా భాగము ఉక్కు రేకును వత్తి చేసినవే, పోత పోసినవి కావు. పోత పాత్ర మందముగా, బరువుగా, పైభాగము ఇసుక గరుకుతో ఉంటుంది. కింద పడితే రేకు పాత్ర సొట్టపోతుంది, పోత పాత్ర పగులుతుంది.

కొత్త పెనమును కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, పలుచగా నూనె రాసి బాగా కాచడము ఆచారము. ఈ విధముగా పలుమార్లు చేస్తే నూనెలోని అణువులు గాలిలోని ఆక్సిజనుతో కలిసి, ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి నల్లని పొరగా మారతాయి. ఈ పొర ఇనుమును తుప్పు నుండి కాపాడుతుంది, ఆహారమును అంటుకోనివ్వదు. తెలుగువారి ఇండ్లలో దోసె పోయడానికి ముందు కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనము మీద రుద్దుతారు. దీనివలన నూనె పలుచగా అంతటా పరుచుకుంటుంది. చింతపండు పులుసు, టమాటా, మజ్జిగ వంటి పుల్లని పదార్థములను ఎక్కువ సేపు కాచితే ఈ పొర కరుగుతుంది, పదార్థము నల్లబడి లోహపు రుచి వస్తుంది.

ఇట్లు కరిగిన ఇనుములో కొంత శరీరమునకు అందుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశములో 15 నుండి 49 సంవత్సరముల వయసు గల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉంది. ఇథియోపియాలో చిన్న పిల్లల మీద జరిపి 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఇనుప పాత్రలలో వండిన ఆహారము తిన్న పిల్లలలో అల్యూమినియము పాత్రలలో వండినది తిన్నవారి కంటే రక్తహీనత తగ్గినట్లు తేలింది. అయితే ఎంత ఇనుము అందుతుంది అనేది పదార్థపు పులుపు, వండే సమయము, పాత్ర మీది పొర మందము మీద ఆధారపడి ఉంటుంది. రక్తహీనత గలవారికి వైద్యులు సూచించిన మందులకు ఇది ప్రత్యామ్నాయము కాదు. తలసీమియా వంటి వ్యాధులలో శరీరములో ఇనుము అధికముగా చేరుతుంది కనుక అటువంటివారు వైద్యుని సలహా తీసుకోవాలి.

తూకములు, ఇంటి పనిముట్లు

కిరాణా కొట్లలో వాడే ఆరు పలకల తూకపు రాళ్లు పోత ఇనుపవి. పోత పోసినప్పుడు బరువు గ్రాముతో సహా సరిగ్గా రాదు. అందువలన రాయిలో ఒక రంధ్రము ఉంచి, దానిలో సీసము నింపి బరువును సరిచేస్తారు. తూనికలు కొలతల శాఖవారు ఆ సీసము మీద ముద్ర వేస్తారు. సీసమును తొలిస్తే ముద్ర చెడిపోయి మోసము బయటపడుతుంది. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చిన తరువాత వీటి వాడుక తగ్గింది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె, కాలితో తొక్కే కుట్టుమిషను స్టాండు కూడా పోత ఇనుముతో చేస్తారు. ఇస్త్రీ పెట్టెకు బరువు, వేడిని నిలుపుకునే గుణము రెండూ అవసరమే.

వ్యవసాయము, నీటి సరఫరా

చెరకు గానుగ రోలర్లు, పొలములలో వాడే ఆయిల్ ఇంజనుల చక్రములు, నీటి పంపుల తొడుగులు పోత ఇనుముతో తయారవుతాయి. గ్రామములలో విస్తృతముగా ఉన్న ఇండియా మార్క్ 2 బోరింగు పంపులో భూమి లోపల ఉండే సిలిండరును పోత ఇనుముతో చేసి లోపల ఇత్తడి తొడుగు అమర్చుతారు. మంచినీటి పథకములలో పూర్వము బూడిదరంగు పోత ఇనుప గొట్టములు వేసేవారు. ప్రస్తుతము వాటి స్థానములో డి.ఐ. పైపులుగా పిలువబడే డక్టైల్ ఇనుప గొట్టములు వేస్తున్నారు. నేల కుంగినా ఇవి కొంతవరకు వంగి తట్టుకుంటాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో శ్రీకాళహస్తి సమీపమున రాచగున్నేరి వద్ద ఈ గొట్టములను తయారు చేసే కర్మాగారము ఉంది.

వాహనములు, రైల్వేలు

లారీల, ట్రాక్టర్ల ఇంజను దిమ్మలు, బ్రేకు డ్రమ్ములు, బ్రేకు డిస్కులు సాధారణముగా బూడిదరంగు పోత ఇనుముతో చేస్తారు. రాపిడి వలన పుట్టే వేడిని ఇది తట్టుకుంటుంది, కంపనములను అణచివేస్తుంది. క్రాంకు షాఫ్టుల వంటి లాగుడు, మెలి పడే భాగములకు డక్టైల్ ఇనుమును గాని ఉక్కును గాని వాడతారు. భారతీయ రైల్వేలలో పట్టాల కింద చాలా కాలము పోత ఇనుప స్లీపర్లు ఉండేవి. తరువాత కాంక్రీటు స్లీపర్లు వాటి స్థానములోకి వచ్చాయి.

గుర్తించే విధానము, జాగ్రత్తలు

పాత ఇనుప సామాను కొనేవారు బీడును ఉక్కు నుండి వేరు చేస్తారు. సుత్తితో కొడితే వచ్చే మొద్దు శబ్దము, విరిగిన చోట కనిపించే బూడిదరంగు గరుకుదనము దీని గుర్తులు. సానరాయికి పెడితే ఉక్కు పొడవైన ప్రకాశవంతమైన నిప్పురవ్వలను చిమ్ముతుంది, పోత ఇనుము ఎర్రని పొట్టి రవ్వలను చిమ్ముతుంది.

* కాలిన పోత ఇనుప పాత్రపై చల్లని నీరు పోయరాదు. ఒక భాగము చప్పున కుంచించుకుపోయి, మిగిలిన భాగము కుంచించుకోకపోవడము వలన లోహము లాగబడి పగులుతుంది.
* కడిగిన వెంటనే తుడిచి, కొద్దిగా వేడి చేసి, పలుచగా నూనె రాసి ఉంచాలి.
* ఇండక్షన్ పొయ్యి మీద పోత ఇనుప పాత్రను వాడవచ్చు. మొదటే ఎక్కువ వేడి పెట్టక, క్రమముగా పెంచాలి.
* పగిలిన యంత్ర భాగమును మామూలు పద్ధతిలో వెల్డింగు చేస్తే అతుకు పక్కన లోహము వేగముగా చల్లారి తెల్ల పోత ఇనుముగా మారి మళ్ళీ పగులుతుంది. ముందుగా భాగము మొత్తమును వేడి చేసి, నికెల్ గల కడ్డీతో అతికి, నెమ్మదిగా చల్లార్చాలి.
* బరువును వేలాడదీసే కొక్కెములకు, గొలుసులకు బూడిదరంగు పోత ఇనుమును వాడరాదు.

పోత ఇనుప వస్తువు పగిలినా లోహము వృథా కాదు. పగిలిన పెనము, అరిగిన బ్రేకు డ్రమ్ము, పాత గొట్టము తిరిగి కొలిమిలోకి చేరి, కరిగి, మరొక అచ్చులో మరొక వస్తువుగా తయారవుతాయి.